ఆరు నిమిషాల నీళ్లు

లీటరు నీళ్లు ఆరు నిమిషాల్లో దిగిపోయాయి. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. ఆ ఆరు నిమిషాలూ నా కళ్లు ఫిల్టరు మీద లేవు, కిటికీ అవతల మంచు మీద ఉన్నాయి.

మంచు మీద మా పరిశోధక విద్యార్థిని వీల్దే ఉంది. మా పరిశోధన ఓడ నార్వే మంచు దీవులైన స్వాల్బార్డ్‌కి ఉత్తరాన, మంచు అంచుకి ముక్కు ఆనించి నిలబడింది. వీల్దే మరో ఇద్దరితో కలిసి పొద్దుటినుంచీ మంచులో బెజ్జాలు వేసి, పొడుగాటి కడ్డీల్లాంటి మంచు దిమ్మలు పైకి లాగుతోంది. సరిగ్గా అదే వేళకి ఓడ వెనకనుంచి నీళ్ల సీసాలు కూడా పైకొచ్చాయి. ఈ యాత్రలో ఆ నీళ్లు వడకట్టడం వీల్దే పనే. కానీ ఒక మనిషి రెండుచోట్ల ఉండలేదు కదా, నేను చూసుకుంటాలే అన్నాను.

మొదటి గిన్నె చేతిలోకి తీసుకుంటుండగా పైనుంచి హారన్ రెండుసార్లు మోగింది. అంటే ఎలుగుబంటి కనబడిందని. మంచు మీద ఉన్నవాళ్లు పరిగెత్తకూడదు, నడిచి వెనక్కి రావాలి. ఇద్దరూ బుద్ధిగా నడిచొస్తున్నారు. వీల్దే మాత్రం వంగి తన మంచు దిమ్మలన్నీ స్లెడ్జి బండి మీదకి సర్దుకుంటోంది. దూరంగా పాలిపోయిన పసుపు రంగు మచ్చ ఒకటి మంచు గుట్టల మధ్య కదులుతోంది. నా నోట్లోంచి ఏ తిట్లు వచ్చాయో ఇక్కడ రాయను. కళ్లు అక్కడే ఉన్నాయి, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. పట్టుకారుతో ఒకటి తీశాయి, పరిచాయి, గిన్నె బిగించాయి, నీళ్లు పోశాయి, పంపు వేశాయి. మూడు గిన్నెలు. ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న పని, కళ్లతో అవసరమేముంది అనుకున్నాను.

వీల్దే స్లెడ్జితో సహా మెట్లెక్కాక చూస్తే గిన్నెలు ఖాళీ అయిపోయాయి. పుస్తకంలో 'ఆరు నిమిషాలు' అని రాశాను. మడిచి ట్యూబుల్లో పెట్టి, ఆరబెట్టే పెట్టెలో పడేశాను. తర్వాత పైకి వెళ్లి వీల్దేని నాలుగు దులిపాను.

"దిమ్మలు మళ్లీ తీసుకోవచ్చు. నిన్ను మళ్లీ తీసుకురాగలమా, పిల్లా?"

"ఎలుగు ఎనిమిదొందల మీటర్ల దూరంలో ఉంది, ఓస్నే. నువ్వు మాత్రం ఇక్కడే ఉన్నావు. నాకు నువ్వంటేనే ఎక్కువ భయం," అంది.

అలా నవ్వేసింది. దానికి ఇరవై తొమ్మిదేళ్లు. నాకు కూతుళ్లు లేరు. ఉంటే ఇంత మొండిగా ఉండేవాళ్లు కాదని మనసుకి చెప్పుకుంటూ ఉంటాను.

నా పని ఏమిటో చెప్పాలి. సముద్రం పైనీళ్లలో కంటికి కనబడని నాచు ఒకటి బతుకుతుంది. దానికి గాజు చొక్కా ఉంటుంది. వసంతం రాగానే మంచు అంచున అది పొంగినట్టు పెరుగుతుంది, దాన్ని రొయ్యలాంటి చిన్న జీవాలు తింటాయి, వాటిని చేపలు, చేపల్ని మేము. లీటరు నీళ్లలో ఎంత గాజు చొక్కా ఉందో కొలవడమే నా ఉద్యోగం. నీళ్లు వడకడతాను, ఫిల్టరు మీద మిగిలినదాన్ని వేడి క్షారంలో ఉడికిస్తాను, చొక్కా కరిగి సిలికాన్ బయటికొస్తుంది, మందు కలిపితే నీలం రంగు తిరుగుతుంది. ఎంత నీలమైతే అంత సిలికాన్. గాజులోనూ సిలికానే ఉంటుంది, అందుకే మా గదిలో గాజుకి ప్రవేశం లేదు. గాజు గ్లాసులో కాఫీ పట్టుకొచ్చిన ఒక పెద్ద ప్రొఫెసర్ని నడవాలోనే నిలబెట్టి తాగించాను.

ఫిల్టర్లు పెట్టెలో దొంతరగా వస్తాయి. ఫిల్టరుకీ ఫిల్టరుకీ మధ్య ఒక పలచని కాగితం ఉంటుంది. మామూలుగా అది నీలం రంగులో ఉంటుంది. కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఒక్కసారైనా ఫిల్టరు పారేసి కాగితాన్ని పెడతాడు. నీళ్లు జరజరా దిగిపోతాయి, వాటితోపాటు నాచు కూడా. ఆ తప్పు చేసినవాడు శనివారం ఓడలో అందరికీ వాఫుల్స్ అనే గళ్ల అట్లు వేసిపెట్టాలి. ఆ నీలం కాగితం మీద పేరు, సంవత్సరం రాసి గోడ మీది బల్లకి గుచ్చుతాం. పదిహేను కాగితాలున్నాయి. అందులో ఇద్దరు ఇప్పుడు ప్రొఫెసర్లు. మొట్టమొదటిది మా యాత్రకి నాయకుడైన ఆస్లాక్ పేరు మీద ఉంది, 1998. పాత ఓడని తుక్కు కింద అమ్మేసినప్పుడు ఆ బల్లని ఊడదీసి కొత్త ఓడకి తెచ్చింది నేనే. గుచ్చేదాన్నీ నేనే. నా పేరు మాత్రం దాని మీద లేదు.

ఈసారి వచ్చిన పెట్టెలు వేరే రకం. వాటిలో మధ్య కాగితం కూడా తెలుపే. ఆ సంగతి వీల్దే నాకు ముందే చెప్పింది. "జాగ్రత్త ఓస్నే, ఇందులో రెండూ తెల్లగానే ఉన్నాయి," అని. నువ్వు పుట్టకముందునుంచీ అనబోయి లెక్క తప్పుతుందని ఆగి, నువ్వు మాటలు నేర్చుకుంటున్నప్పటినుంచీ ఫిల్టర్లు పడుతున్నాను, నాకు చెప్తావా అన్నాను.

మూడో రోజు పొద్దున్న వీల్దే నా కేబిన్ తలుపు కొట్టకుండానే లోపలికొచ్చింది. చేతిలో కాగితం ఉంది. నేను వడకట్టినవాటిని అదే ఉడికించింది, మంచు అంచు నీళ్ల లెక్క వచ్చింది. ఎప్పుడూ వచ్చేదాంట్లో ఎనిమిదో వంతు కూడా లేదు.

ఆ లెక్క కోసమే దాని నాలుగేళ్ల చదువు ఆగి ఉంది. ఉత్తర సముద్రం వేడెక్కుతున్నకొద్దీ గాజు చొక్కా నాచు తగ్గిపోతోంది, దాని స్థానంలో ఏ చొక్కా లేని జిగురు నాచు వస్తోంది అన్నది దాని వాదం. ఇన్నేళ్ల నా లెక్కలన్నిటినీ ఒక గీతగా గీసింది. 2009లో మొదటిసారి పెద్దగా పడిపోయిన చుక్క దగ్గర ఆ గీత కిందికి తిరుగుతుంది. ఈ ఏడాది కూడా తక్కువ వస్తే వాదం నిలుస్తుంది, పట్టా వస్తుంది. ఎక్కువొస్తే దాని దగ్గర మిగిలేది గజిబిజి చుక్కలు.

"చూశావా, జిగురుదే రాజ్యం," అంటూ నన్ను కావలించుకుంది. తర్వాత వెళ్తూ వెళ్తూ ఒక మాట అంది. "ఈ ఫిల్టర్లు క్షారంలో బాగా నానిపోయాయి ఓస్నే. ముద్దలా అయ్యాయి. ఈ కంపెనీవి మళ్లీ తెప్పించొద్దు."

దాని వెనకే తలుపు మూసి, ఆ మాటనే మళ్లీ అనుకున్నాను.

ఫిల్టరు ప్లాస్టిక్కులాంటిది, అది ముద్ద కాదు. ముద్దయ్యేది కాగితం.

మధ్యాహ్నం అన్నం అలాగే వదిలేశాను. డెక్కు మీదకి వెళ్లాను, చలికి కాదు గానీ నిలబడలేక లోపలికొచ్చాను, మళ్లీ వెళ్లాను. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని వంటామె అననే అంది. పడుకుంటే కునుకు పట్టదు. మేలో అక్కడ చీకటి పడదు, తెర ఎంత లాగినా అంచున వెలుతురు గీత ఉంటుంది, ఆ గీతనే చూస్తూ పడుకున్నాను. ఆఖరికి లేచి ల్యాబుకి వెళ్లి రికార్డు పుస్తకం తీశాను. అదే నీళ్లలో పచ్చదనాన్ని కొలవడానికి పక్క బల్లవాళ్లు వేరే ఫిల్టరుతో వడకడతారు, దానికెంత సేపు పట్టిందో కూడా అదే పేజీలో రాస్తారు. యాభై నిమిషాలు అని ఉంది. ఫిల్టరు రంగు, మరిగిన డికాక్షన్ రంగు అని ఉంది. అంత చిక్కటి నీళ్లు నా గిన్నెల్లో ఆరు నిమిషాల్లో దిగిపోయాయట. జిగురు నాచైనా సరే, నిజమైన ఫిల్టరుని పట్టేసి కూర్చుంటుంది గానీ అలా దిగనివ్వదు.

మధ్య కాగితాలు పారేసే సంచి ఇంకా కట్టి పెట్టలేదు. బోర్లించి ఒక్కొక్కటే చూశాను. మూడు ముక్కలకి కాస్త మెరుపు ఉంది. తడిపి వేలి మీద వేస్తే అతుక్కుపోయాయి, కింద నా వేలి గీతలు కనిపించాయి. ఫిల్టర్లు. మూడూ నేను పారేసినవే.

ఎవరైనా చూశారా అని మొదట చూసుకున్నాను. సిగ్గుపడటం తర్వాత వచ్చింది.

ఆ రోజంతా ఎవరితోనూ చెప్పలేదు. ఇది ఒప్పుకోవాలి. చెప్పకపోతే ఏమవుతుంది అని నిజంగానే ఆలోచించాను. వీల్దేకి పట్టా వస్తుంది. దాని వాదం నిజమే అయ్యుండొచ్చు కూడా. నాకు మరో రెండేళ్లలో రిటైర్మెంట్. భోజనాల గదిలో వీల్దే వచ్చేపోయేవాళ్లందరికీ కాగితం మీద గీత గీసి చూపిస్తోంది. నన్ను చూడగానే, ఈవిడ చేతి లెక్క, ఇక తిరుగులేదు అంది. నేను కప్పు అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను.

మర్నాడు ఆస్లాక్ గదికి వెళ్లి మూడు ఫిల్టర్లూ బల్ల మీద పెట్టాను. ఏమిటని అడగలేదు, చూడగానే తెలిసిపోయింది. వెనక్కి వెళ్లగలమా అన్నాను. మంచు మూసుకుంది, వెళ్లినా అవే నీళ్లు అక్కడ ఉండవు, నీకు తెలియనిదా అన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఊరికే అడిగాను.

యాత్ర నివేదిక తెరిచి కలం తీశాడు.

"పంపు పాడైందని రాసేద్దాం. ఆ లెక్క కొట్టేద్దాం. ఎవరి పేరూ అక్కర్లేదు," అన్నాడు.

"మళ్లీనా, ఆస్లాక్?"

అతను కలం పక్కన పెట్టాడు. ఇరవై ఆరేళ్లలో ఆ విషయం మేము ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. 1998లో అది నా మొదటి యాత్ర, ఆర్నెల్ల ఉద్యోగం. నీలం కాగితం మీద వడకట్టింది నేను. అప్పటి నాయకుడు ముక్కు మీద కోపం ఉన్న మనిషి, ఎవరు చేశారని అందరినీ వరసగా నిలబెట్టాడు. నా నోరు పెగల్లేదు. పక్కన ఉన్న ఆస్లాక్, నేనే చేశాను అన్నాడు. అతను విద్యార్థి, నవ్వి వదిలేశారు. వాఫుల్స్ వేశాడు, కాగితం గోడకెక్కింది, నా ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత కొత్తవాళ్ల మీద నేనెందుకంత విరుచుకుపడేదాన్నో అడిగినవాళ్లు లేరు. అడిగినా చెప్పేదాన్ని కాదు.

"అప్పుడు నువ్వు మంచే చేశావు. నేనే ఆ మంచిని ఇన్నేళ్లు సాగదీశాను. ఈసారి పంపు మీద పెట్టను," అన్నాను.

వీల్దే ల్యాబులోనే ఉంది. కూర్చోమన్నాను, కూర్చోలేదు. ఫిల్టర్లు చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను, ఎలుగుబంటి సంగతి మాత్రం చెప్పలేదు. వీల్దేని చూస్తూ తప్పు చేశానంటే ఆ తప్పు దాని నెత్తికి చుట్టినట్టవుతుంది. 1998 కూడా చెప్పేశాను. ఒకసారి మూత తీశాక సగంలో ఎలా ఆపను?

అది అరవలేదు. అరిచినా బావుండేది. ఫిల్టరుని పట్టుకారుతో ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది.

"మొదటిదానికీ దీనికీ మధ్యలో ఎన్ని, ఓస్నే?"

"మధ్యలో ఏవీ లేవు."

"మొన్నటిదాకా మొదటిది కూడా లేదన్నట్టేగా ఉన్నావు. నా గీతలో ప్రతి చుక్కా నీ చేతిదే. దేన్ని నమ్మమంటావు?"

బీరువా తాళం తీసి రికార్డు పుస్తకాలన్నీ బల్ల మీద పేర్చాను. ప్రతి స్టేషనుకీ నీళ్లెంతసేపట్లో దిగాయో రాసి ఉంటుంది, పక్క బల్లవాళ్ల పచ్చదనం కూడా ఉంటుంది, నీళ్లు చిక్కగా ఉండి గిన్నె తొందరగా ఖాళీ అయితే అది కాగితమే, నువ్వే వెతుక్కో అన్నాను. పుస్తకాలన్నీ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. తలుపు మెల్లగానే వేసింది.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. భోజనాల గదిలో చివరి బల్ల దగ్గర కూర్చుని పేజీ తర్వాత పేజీ తిప్పుతూనే ఉంది. నేను పంపులు కడిగాను, కడిగినవాటినే మళ్లీ కడిగాను. సీసాల మీద పేర్లు రాశాను. ఓడ మంచు పలకల్ని రాసుకుంటూ తూర్పుకి పోతుంటే ఒళ్లంతా ఆ గీరుడే. మధ్యలో ఒకసారి వీల్దే ఒక పేజీ దగ్గర ఆగి చాలాసేపు కదలకుండా కూర్చోవడం చూశాను. తర్వాత పేజీ తిప్పింది. ఏమీ లేదనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం ఎప్పట్లాగే బియ్యపు జావ వండారు. పైన వెన్నముక్క, దాల్చినచెక్క పొడి. నా గిన్నెలో వెన్న కరిగి చల్లారిపోయింది. వీల్దే వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఒకే ఒక్క పుస్తకం తెచ్చింది, మధ్యలో వేలు పెట్టుకుని.

"మూడు," అంది.

నాకు అర్థం కాలేదు. రెండే కదా అన్నాను.

పుస్తకం నా వైపు తిప్పింది. 2009, మే. నా చేతిరాతే. లీటరు నీళ్లు, అయిదు నిమిషాలు. పక్క కాలమ్‌లో పచ్చదనం ఆ ఏడాది అన్నిటికన్నా ఎక్కువ. కింద మూలన చిన్నగా రాసి ఉంది: 'కొత్త పెట్టె. మధ్య కాగితం తెలుపు.'

రాసినట్టు కూడా గుర్తులేదు. అప్పటికే నేను గోడకి కాగితాలు గుచ్చుతున్నాను. అప్పటికే కొత్తవాళ్లని ఏడిపిస్తున్నాను. ఆ లెక్క పత్రికల్లో వచ్చింది, దాన్ని చూసి ఎందరో ఏదేదో రాశారు. దాన్ని చూసే ఈ పిల్ల తన నాలుగేళ్లు పెట్టింది.

"నీ గీత తిరిగేది ఇక్కడే కదా," అన్నాను.

"ఇక్కడే."

"ఎవరికి చెప్పావు?"

"నీకే. ఇప్పుడే."

ఆ పేజీ తిప్పేసి ఊరుకుంటే అడిగేవాళ్లెవరూ లేరు. పుస్తకాలు నా బీరువాలోకి పోతాయి, నేను ఇంటికి పోతాను, దాని గీత అలాగే ఉంటుంది. నాకు ఇరవై ఆరేళ్లు పట్టిన పని అది రెండు రోజుల్లో చేసేసింది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. వంటామె చూసి చూడనట్టు అటు తిరిగింది.

"ఇప్పుడేం చేస్తావు?" అని అడిగాను.

"ఆ రెండు చుక్కలూ తీసేసి గీత మళ్లీ గీస్తాను."

"ఏం మిగులుతుంది?"

"తెలీదు. గీస్తే కదా తెలిసేది." నా చల్లారిన గిన్నెని తన వైపు లాక్కుని ఒక చెంచా తింది. "నీకింకా నాకు కోపం పోలేదు. అది వేరే. గోడ కాగితాల మీద నీ పేరు రాయాలి. మూడు."

'నాకింకా నీ మీద' అనాల్సింది తారుమారుగా అన్నావని చెప్పాను. పెదవి చివర కొంచెం కదిలింది, అంతే.

ఆస్లాక్ పేరున్న నీలం కాగితం తీసి, అతని పేరు కొట్టేసి పక్కన నాది రాశాను. ఆస్లాక్ గుమ్మంలో నిలబడి చూశాడు. తర్వాత రెండు తెల్ల కాగితాలు. ఈ ఏడాదిది గబుక్కున రాసేశాను. 2009 అని రాస్తుంటే మాత్రం సున్నాలు రెండూ వంకరపోయాయి. సాయంత్రం వాఫుల్స్ వేశాను, అందరికీ సరిపోయేలా మూడు విడతలు. వీల్దే వచ్చి రెండు తీసుకుని, మేక చీజ్ కోసుకుని, తన బల్ల దగ్గరికి వెళ్లి తింది.

మర్నాడు పొద్దున్న తర్వాతి స్టేషన్ నీళ్లు పైకొచ్చాయి. గోధుమ రంగులో ఉన్నాయి. వీల్దే నా పక్కకొచ్చి నిలబడింది. పట్టుకారు దాని చేతికిచ్చాను. అది తీసుకోలేదు, నువ్వే పెట్టు అంది. దొంతరలోంచి ఒకటి తీశాను, తడిపాను, వేలికి అంటుకుందో లేదో ఇద్దరం చూశాం. గిన్నె బిగించి లీటరు పోశాను.

యాభై రెండు నిమిషాలు పట్టింది. మధ్యలో ఎక్కడో హారన్ మోగింది. ఇద్దరం కిటికీ వైపు చూడలేదు.